భర్త కాల్గరీలో, నేను గాజువాకలో: ఫైల్ రిజెక్ట్ అయ్యాక ఏం చేయాలి?

ప్రశ్న: అమ్మా, నాకు 28 ఏళ్ళు. మాది గాజువాక. బీఫార్మసీ చదివి పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేసేదాన్ని. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. మావారిది అనకాపల్లి, కెనడాలోని కాల్గరీలో ఉద్యోగం. పీఆర్, అంటే అక్కడి శాశ్వత నివాస హక్కు, పెళ్ళికి ముందే వచ్చింది. అప్పుడే నాన్నగారికి బైపాస్ ఆపరేషన్ కావడంతో సింహాచలంలో దగ్గరివాళ్ళ మధ్య పెళ్ళి చేసేశారు. అత్తవారింట్లో పది రోజులున్నానో లేదో ఆషాఢం వచ్చింది. నేను పుట్టింటికి వచ్చేశాను, సెలవు అయిపోయి ఆయన వెళ్ళిపోయారు. మళ్ళీ సెలవు దొరక్క ఇంతవరకూ రాలేదు.

నన్ను అక్కడికి తీసుకెళ్ళడానికి ఆయన స్పౌజ్ స్పాన్సర్‌షిప్ దరఖాస్తు పెట్టగానే, నాలుగైదు నెలల్లో వెళ్ళిపోతానుగా అని ఉద్యోగం మానేశాను. మధ్యలో విజిటర్ వీసాకి వేస్తే రాలేదు. రెండు వారాల క్రితం అసలు ఫైలే రిజెక్ట్ అయింది. మాది నిజమైన పెళ్ళి అని నమ్మకం కలగలేదట. పెళ్ళి ఫొటోలు తక్కువట, కలిసి ఉన్న రోజులు తక్కువట, డబ్బు లావాదేవీలు లేవట. సంబంధం ఎలా కుదిరిందని ఇంటర్వ్యూలో అడిగితే మా మేనత్త తెచ్చిందన్నాను. ఆయన ఫారంలో మ్యాట్రిమోనీ సైట్ అని రాశారు. రెండూ నిజమే.

ద్వారకానగర్‌లో ఒక ఏజెంట్ మూడు లక్షలిస్తే హనీమూన్ ఫొటోలు, పాత తేదీతో అద్దె అగ్రిమెంటు తయారు చేయించి మళ్ళీ పెడతానంటున్నాడు. అత్తగారు ‘వాణ్ణే వచ్చేయమను’ అంటున్నారు, ఒక్కోసారి నా జాతకం దాకా వెళ్తున్నారు. రాత్రుళ్ళు లేచి పోర్టల్ చూసుకోవడం అలవాటైపోయింది. పాత కంపెనీలో మళ్ళీ చేరమని స్నేహితురాలు అంటోంది. చేరితే వెళ్ళే ఆశ వదులుకున్నట్టేనా?

జవాబు: ముందు గడువు సంగతి చూద్దాం తల్లీ. మిగతావన్నీ దాని తర్వాతే.

కెనడాలో ఉన్న భర్త ఫ్యామిలీ క్లాస్ (కుటుంబ సభ్యుల కేటగిరీ) కింద స్పాన్సర్ చేసిన ఫైల్‌ని కాదన్నప్పుడు అప్పీలు హక్కు స్పాన్సర్‌ది. అంటే నోటీసు ఇవ్వాల్సింది మీవారు. రిఫ్యూజల్ లెటర్ అందిన దగ్గర్నుంచి 30 రోజుల్లోపు అది ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి చేరాలి. అక్కడి ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డులో అదొక విభాగం. మీరు నాకు రాసేనాటికే సగం గడువు గడిచిపోయింది. అప్పీలు వేయడానికి ఫీజు లేదు. వాదనంతా అప్పుడే రాయనక్కర్లేదు, సాక్ష్యాలన్నీ అప్పుడే జతచేయనక్కర్లేదు. నోటీసు ఫారం నింపి, రిఫ్యూజల్ లెటర్ కాపీ పెట్టి, గడువులోపు పంపి, చేరినట్టు రసీదు తీసుకోవాలి. ఆయన అక్కడ లాయర్‌ని చూసుకునేదాకా ఆగుదామనుకుంటుంటే ఆగొద్దని చెప్పండి. లాయర్ వారం తర్వాత దొరికినా ఫర్వాలేదు, గడువు దాటితే మాత్రం అదనంగా టైమ్ ఇవ్వమని కారణాలు చూపించి అడగాల్సి వస్తుంది. ఇది మీరు సాయంత్రం చదువుతుంటే కాల్గరీలో ఇంకా పొద్దునే. ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి, ఆ తర్వాత మిగతాది చదవండి.

ఇక ఆ లెటర్ అసలు ఏమంటోందో చూద్దాం. కెనడా ఇమిగ్రేషన్ రెగ్యులేషన్లలో నాలుగో సెక్షన్ ఒకటుంది. ముఖ్యంగా ఇమిగ్రేషన్ కోసమే చేసుకున్న పెళ్ళి అయినా, నిజమైన దాంపత్యం కాకపోయినా, ఆ పెళ్ళిని లెక్కలోకి తీసుకోకూడదని ఆ సెక్షన్ చెప్తుంది. మొదటిది పెళ్ళినాటి సంగతి: అప్పుడు మీరిద్దరూ దేనికోసం ఒప్పుకున్నారు? రెండోది ఇవాళ్టి సంగతి: ఇప్పుడు మీరు భార్యాభర్తలుగా బతుకుతున్నారా? ఏ ఒక్కదానిలో అనుమానం మిగిలినా ఫైల్ పోతుంది. అందుకే మీరు కూడబెట్టే ప్రతి కాగితం వెనకాల ఇది ఏ ప్రశ్నకు జవాబు అని పెన్సిల్‌తో రాసుకోండి. చాలామంది రెండో ప్రశ్నకే కట్టలకొద్దీ కాగితాలు పెట్టి మొదటిదాన్ని వదిలేస్తారు. మీ విషయంలో ఆఫీసర్ పట్టుకున్నది ఎక్కువగా మొదటిదాన్నే.

మీరు చెప్పిన నాలుగు కారణాలు చదువుతుంటే నాకు బాధేసింది. మన జిల్లాలో ఏ ఇంట్లో చెప్పినా వెంటనే అర్థమయ్యే విషయాలివి. కానీ ఫైల్ చూసే మనిషికి ఆషాఢం అంటే ఏమిటో తెలియదు, మనవాళ్ళు డబ్బు ఎవరి పేరున పంపుతారో తెలియదు. మనకు చెప్పనక్కర్లేదనిపించిన ప్రతి విషయం ఆ ఫైల్లో లోటుగా కనపడింది. సంతోషించాల్సిందేమిటంటే, అప్పీలులో కేసు మొత్తాన్ని కొత్తగా చూస్తారు. మొదటి ఫైల్లో లేని సాక్ష్యాలు ఇవ్వొచ్చు. మీరు ఇక్కడినుంచే వీడియోలోనో ఫోన్‌లోనో సాక్ష్యం చెప్పొచ్చు.

ఆషాఢం దగ్గర మొదలుపెట్టండి. పెళ్ళయిన కొత్తలో పది రోజులు కలిసుండి విడిపోయారంటే, తెలియనివాళ్ళకి అది అనుమానంగానే ఉంటుంది. కొత్త కోడలు ఆషాఢమాసంలో పుట్టింటికి వెళ్తుందని, అత్తాకోడళ్ళు ఆ నెలలో ఒకే గడప దాటకూడదని మనవాళ్ళు పాటిస్తారని తేలిక ఇంగ్లీషులో ఒక పేజీ రాయండి. ఆ ఏడాది పంచాంగంలో గానీ తెలుగు క్యాలెండర్‌లో గానీ ఆషాఢం ఏ తేదీన మొదలైందో ఆ పేజీ, దాని అనువాదం జతచేయండి. పక్కనే మీ పెళ్ళి తేదీ, ఆయన రానూపోనూ టికెట్లు పెట్టండి. మూడూ పక్కపక్కన ఉంటే, ఆయన సెలవులో ఎన్ని రోజులు మీరు కలిసుండే వీలుందో చూసేవాళ్ళకే తెలుస్తుంది. ఆషాఢం సారె పంపినప్పటి ఫొటోలుంటే అవీ పెట్టండి. అత్తవారు అనకాపల్లి నుంచి గాజువాక వచ్చి సారె ఇచ్చారంటే రెండు కుటుంబాలూ ఆ పెళ్ళిని పెళ్ళిగానే చూశాయన్నమాట. అది మొదటి ప్రశ్నకు మంచి జవాబు.

పెళ్ళి చిన్నగా జరగడానికి కారణం మీ నాన్నగారి ఆపరేషన్. హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ మీద తేదీ ఉంటుంది. అది ఫైల్లో పెట్టలేదని నా అనుమానం, ఎందుకంటే అత్తవారి ముందు నాన్న జబ్బు సంగతి కాగితం మీద పెట్టడానికి మనవాళ్ళు సంకోచిస్తారు. ఇప్పుడు పెట్టండి. సింహాచలం దేవస్థానంలో పెళ్ళికి కట్టిన రసీదు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్, లగ్నపత్రిక, శుభలేఖ, పురోహితుడికీ భోజనాలకీ ఇచ్చిన డబ్బు లెక్క ఏమైనా ఉంటే అదీ చేర్చండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం కావాలి. ఇంట్లోవాళ్ళు చేసిన అనువాదం చెల్లదు, బయట అనువాదకుడితో చేయించి ఆయన అఫిడవిట్ కూడా పెట్టించాలి.

సంబంధం ఎవరు తెచ్చారన్న తేడా మీ ఫైల్లో అన్నిటికన్నా నష్టం చేసింది. సరిదిద్దడం తేలికైనది కూడా అదే. మ్యాట్రిమోనీ సైట్‌లో ఆయన ప్రొఫైల్ మీ మేనత్త చూసింది, మీ నాన్నగారికి చెప్పింది. అంతే కదా జరిగింది? ఆయన దృష్టిలో సైట్ ద్వారా వచ్చిన సంబంధం, మీ దృష్టిలో అత్తయ్య తెచ్చిన సంబంధం. ప్రొఫైల్ పెట్టిన తేదీ, సైట్ నుంచి వచ్చిన మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీయండి. మీ మేనత్త చేత ఎప్పుడు చూసిందో, ఎవరికి ఫోన్ చేసిందో, పెళ్ళిచూపులకి ఎవరెవరు వచ్చారో నోటరీ అఫిడవిట్ ఇప్పించండి. తర్వాత మీరిద్దరూ విడివిడిగా కూర్చుని మొదటి ఫోన్ నుంచి పెళ్ళిదాకా ఏం జరిగిందో రాసుకుని పోల్చి చూసుకోండి. తేడాలు వస్తాయి, అది సహజం. ఏ తేడా ఎందుకు వచ్చిందో మాట్లాడుకోండి. ఇద్దరూ ఒకే పాఠం బట్టీపట్టి అప్పజెప్పే పని మాత్రం చేయొద్దు. అది వినేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

డబ్బు విషయం. మీవారు ప్రతినెలా మామగారి అకౌంట్‌కే పంపుతున్నారనీ, మీ ఖర్చులకు మామగారు ఇస్తున్నారనీ నేను ఊహించగలను. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో జరిగేది అదే. ఊహ నిజమైతే ఆయన బ్యాంకు స్టేట్‌మెంటు, మామగారి స్టేట్‌మెంటు రెండూ తీసుకుని, అందులో మీకోసం వెళ్ళిన మొత్తాలు గుర్తుపెట్టండి. మామగారు ఒక అఫిడవిట్ ఇస్తే మంచిది. ఈ నెల నుంచి కొంతైనా నేరుగా మీ అకౌంట్‌కి పంపమనండి. ఫైల్ కోసం మాత్రమే కాదు, పెళ్ళయిన ఆడపిల్లకి చేతిలో తన డబ్బు ఉండటం మంచిదనే చెప్తున్నాను. ఆయన ఉద్యోగంలో ఇన్సూరెన్స్ నామినీగా ఇంకా అమ్మగారి పేరే ఉంటే, మీ పేరు కూడా చేర్చడం గురించి మాట్లాడుకోండి.

ఇక రెండేళ్ళ మాటలు. వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసి వందల పేజీలు పంపకండి, ఎవరూ చదవరు. ప్రతి నెల నుంచీ రెండు మూడు రోజులు ఎంచుకోండి. ఆయన జలుబుతో పడుకున్న రోజు, మీ నాన్నగారిని చెకప్‌కి తీసుకెళ్ళిన రోజు, ఇద్దరూ పోట్లాడుకున్న రోజు కూడా. భార్యాభర్తలు పోట్లాడుకుంటారు, అది దాచక్కర్లేదు. శ్రావణ మంగళవారం నోములో ఆయన వీడియో కాల్‌లో ఉన్న ఫొటో, అన్నవరంలో వ్రతం చేసుకున్న ఫొటో ఉంటే తేదీ, ఊరు, అందులో ఉన్నవాళ్ళ వరసలు కింద రాసి పెట్టండి. వరసలు రాయడం మర్చిపోవద్దు. ఆ ఫొటోలో మీ పక్కన నిలబడింది ఆడపడుచని రాయకపోతే చూసేవాళ్ళకి తెలియదు.

పేర్ల సంగతి కూడా ఒకసారి సరిచూసుకోండి. టెన్త్ మెమోలో ఇనీషియల్, పాస్‌పోర్టులో విప్పి రాసిన ఇంటిపేరు, శుభలేఖలో ముద్దుపేరు, ఇది మన తెలుగువాళ్ళందరికీ ఉన్న బాధే. అన్నీ ఒకే మనిషివని ఒక అఫిడవిట్ చాలు. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో పాస్‌పోర్టు మార్పించి భర్త పేరు చేర్పించుకోవచ్చు, తప్పు లేదు. ఇంటిపేరు మార్చుకోవడం మాత్రం ఇప్పుడు వద్దంటాను. కేసు నడుస్తుండగా పేరు మారితే ప్రతి కాగితానికీ మళ్ళీ ఒక వివరణ రాసుకోవాలి.

ఇన్ని చెప్పాక కూడా అన్నిటికన్నా బలమైంది ఒకటుంది. మీవారు ఒకసారి రావాలి. రెండేళ్ళుగా రాకపోవడాన్ని ఎన్ని కాగితాలు పెట్టినా పూర్తిగా పూడ్చలేం. జీతం లేని సెలవైనా సరే, రెండు మూడు వారాలు వచ్చి మీతో ఉండమనండి. కేసుకి మేలవుతుంది, అంతకన్నా ముందు మీ ఇద్దరికీ అది కావాలి. ఆయన అక్కడ ఒక్కరే ఉంటున్నారు. ఫైల్ సరిగా పెట్టలేకపోయానన్న బరువు ఆయన మీద కూడా ఉండి ఉంటుంది.

ఆ ఏజెంట్ మాట. వద్దు తల్లీ, అటువైపు వెళ్ళనే వద్దు. మీ దగ్గర నిజం ఉంది. దాని పక్కన ఒక్క అబద్ధపు కాగితం చేరినా మిగతావన్నీ అబద్ధాల్లాగే కనపడతాయి. కెనడా చట్టంలో తప్పుడు సమాచారానికి, దొంగ కాగితాలకి విధించే శిక్ష ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళూ ఆ దేశంలోకి రానివ్వరు, పీఆర్‌కి అప్లై చేయనివ్వరు. కాగితం తయారుచేసింది ఏజెంటే అయినా శిక్ష మీకే. ఆయన తప్పించుకుని ద్వారకానగర్‌లోనే ఇంకో బోర్డు పెట్టుకుంటాడు. ‘లోపల మనవాళ్ళున్నారు’ అన్నవాడెవడైనా సరే, అక్కడితో లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఆయన దగ్గర ఇచ్చి ఉంటే రేపే వెళ్ళి తెచ్చుకోండి, ఒంటరిగా కాకుండా నాన్నగారినో అన్ననో తీసుకెళ్ళండి. నిజంగా కన్సల్టెంట్ సాయం కావాలంటే, ఆ పేరు కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ రిజిస్టర్‌లో ఉందో లేదో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అప్పీల్ బోర్డు ముందు వాదించే కన్సల్టెంట్‌కి అందుకు వేరే స్థాయి లైసెన్సు ఉండాలి, అది కూడా అడగండి. మీవారు ఉన్న రాష్ట్రంలో లైసెన్సున్న లాయర్ అయితే ఇంకా మేలు. మరో మాట, విజిటర్ వీసా రాకపోయిన సంగతి ఇకమీద ఏ దేశం ఫారంలో అడిగినా దాచొద్దు. దాచడమే తప్పుడు సమాచారం అవుతుంది.

అప్పీలు మంచిదా, కొత్త ఫైల్ మంచిదా అని మీవారు తర్జనభర్జన పడుతుంటారు. గడువు పోగొట్టుకోకుండా నోటీసు ఇచ్చేయమని నా సలహా. ఆ తర్వాత వీసా ఆఫీసు ఫైల్ కాపీ మీ చేతికొస్తుంది. లెటర్‌లో రెండు వాక్యాల్లో రాసిన కారణం వెనక ఆఫీసర్ నోట్స్ ఏమిటో అందులో తెలుస్తుంది. ఇవే నోట్స్‌ని కెనడాలో ఉన్న మీవారు, మీ సమ్మతి ఫారంతో, ఐదు డాలర్లు కట్టి విడిగా కూడా అడిగి తెప్పించుకోవచ్చు. అవి చదివాక లాయర్‌తో కూర్చుని నిర్ణయం తీసుకోండి. అప్పీలు గెలిస్తే వెంటనే వీసా చేతికి రాదు, ఫైల్ మళ్ళీ వీసా ఆఫీసుకి వెళ్ళి మెడికల్, పోలీస్ సర్టిఫికెట్ లాంటి మిగతా అంచెలు దాటాలి. ఈ మాట ఇప్పుడే చెప్పడం మంచిది, గెలిచిన మర్నాడే సూట్‌కేసు సర్దుకుని మళ్ళీ కుంగిపోకుండా.

అత్తగారు అన్నట్టు ఆయన ఉద్యోగం మానేసి వచ్చేస్తే? పీఆర్ ఉన్నవాళ్ళు కెనడాలో నివాసం ఉంటేనే భార్యని స్పాన్సర్ చేయగలరు. సెలవు మీద వచ్చి వెళ్తే ఇబ్బంది లేదు గానీ, ఉద్యోగం, ఇల్లు వదిలి విశాఖ వచ్చి ఉండిపోతే స్పాన్సర్‌షిప్పే నిలవదు. పైగా పీఆర్ నిలబడాలంటే ఐదేళ్ళలో 730 రోజులు అక్కడ ఉండాలి. ఇద్దరూ కలిసి, ఇక్కడే బతుకుదామని మనస్ఫూర్తిగా అనుకుంటే అది గౌరవించదగ్గ నిర్ణయమే, అందులో ఓటమి ఏమీ లేదు. కానీ రిజెక్ట్ అయిన నెలలో, కోపంలో, అమ్మ ఏడుస్తోందని తీసుకునే నిర్ణయం అది కాకూడదు.

నిర్ణయమే రాక నెలల తరబడి ఎదురుచూస్తున్నామని రాసినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి రెండు మాటలు. ఆలస్యానికి కారణం ప్రతిసారీ మీ ఫైల్లోనే ఉండదు. 2023 అక్టోబరులో రెండు దేశాల మధ్య గొడవల్లో 41 మంది కెనడా దౌత్య సిబ్బంది మన దేశం నుంచి వెళ్ళిపోయారు, చండీగఢ్, ముంబయి, బెంగళూరు కాన్సులేట్లలో ముఖాముఖి సేవలు ఆపేశారు. కెనడా ఇమిగ్రేషన్ శాఖ ప్రకటించిన గడువు దాటాక ముందు వాళ్ళ వెబ్‌ఫారంలో అడగండి. జవాబు రాకపోతే భర్త తన నియోజకవర్గం ఎంపీ ఆఫీసుకి వెళ్ళాలి. కెనడాలో ఎంపీ ఆఫీసులు ఇమిగ్రేషన్ ఫైళ్ళ గురించి ఆరా తీసి చెప్తాయి, దానికి డబ్బు అడగవు. మరీ అన్యాయమైన ఆలస్యమైతే ఫెడరల్ కోర్టు దారి ఉంది. మెడికల్ పరీక్ష 12 నెలలే చెల్లుతుందని గుర్తుంచుకోండి. అమెరికా హెచ్4కి (అక్కడ హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ భార్యకిచ్చే వీసాకి) వెళ్ళి, ఇంకా కాగితాలు కావాలంటూ ఇచ్చే 221జి స్లిప్పు అందుకున్నవాళ్ళు దాన్ని చివరి మాట అనుకోవద్దు. అడిగిన కాగితాలు ఏడాదిలోపు ఇవ్వకపోతేనే మళ్ళీ మొదటినుంచి అప్లై చేయాలి. యూకేలో స్థిరపడ్డ భర్త దగ్గరికి స్పౌజ్ వీసా మీద వెళ్ళేవాళ్ళయితే, భర్త ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు ఉండాలన్న నియమం 2024 ఏప్రిల్ 11న వచ్చింది, అంతకుముందు అది 18,600. పాత లెక్క పట్టుకుని అప్లై చేయకండి.

మళ్ళీ మీ ఇంటికి వద్దాం. అత్తగారి జాతకం మాటలకి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆవిడ కొడుకు. ‘అమ్మా, ఫారంలో సైట్ పేరు రాసింది నేను, రెండేళ్ళుగా రాలేకపోయింది నేను, డబ్బు నాన్న పేరున పంపింది నేను, ఇందులో తన తప్పేం లేదు’ అని ఆయన ఫోన్ చేసి అమ్మగారికి చెప్పాలి. మీరు అడగకపోతే ఆయనకు తట్టకపోవచ్చు, కాబట్టి అడగండి. ఆవిడ కూడా కొడుకు కాపురం చూడాలనే ఆశతోనే కుములుతోంది. మేనత్త అఫిడవిట్‌తోపాటు అత్తగారిని కూడా ఒకటి ఇమ్మనండి. కొడుకు పెళ్ళి గురించి తన మాట కూడా ఆ ఫైల్లోకి వెళ్తోందంటే ఆవిడ మీ పక్కకి వస్తుందని నా నమ్మకం. ఇక ఫంక్షన్లలో ‘ఇంకా వీసా రాలేదా’ అని అడిగేవాళ్ళకి ‘అప్పీలులో ఉందండీ’ అన్న ఒక్క మాట చాలు. కారణాలన్నీ అందరికీ వివరించనక్కర్లేదు.

రాత్రి పోర్టల్ చూడటం మానండి. నోటీసు వెళ్ళాక వచ్చే ప్రతి కబురూ మీవారికో, లాయర్‌కో వస్తుంది. వారానికి ఒక రోజు పెట్టుకుని ఇద్దరూ కలిసి ఫైల్ గురించి మాట్లాడుకోండి. మిగతా రోజుల ఫోన్లలో ఆ మాట ఎత్తొద్దు. చాలా జంటలు నెలల తరబడి ఫైల్ తప్ప ఇంకో విషయం మాట్లాడుకోలేక దూరమైపోవడం నేను చూశాను. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే, తిండి సహించకపోతే, ఎందుకీ బతుకు అనిపిస్తే దాన్ని టెన్షన్ అని తోసేయకండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనన్న భయం వద్దు. నిద్ర లేదని డాక్టర్ దగ్గరికి వెళ్ళడంలో సిగ్గుపడాల్సింది లేదు.

ఇక ఉద్యోగం. చేరండి, వెంటనే చేరండి. మీరిక్కడ ఉద్యోగం చేస్తున్నారని స్పౌజ్ ఫైల్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు. భర్తని చేరడానికి తయారుగా లేరని దాన్నిబట్టి ఎవరూ అనరు. నెలనెలా జీతం వస్తుంది, పగలు ల్యాబ్‌లో పదిమందితో గడుస్తుంది, రాత్రి కొంతైనా నిద్ర పడుతుంది. అనుభవం తెగిపోకుండా ఉంటే రేపు కాల్గరీలో కూడా పనికొస్తుంది. అక్కడ ఫార్మసిస్ట్‌గా చేయాలంటే ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా ముందు మీ డిగ్రీ కాగితాలు పరిశీలిస్తుంది, ఆ పరిశీలన ఇక్కడ ఉండగానే మొదలుపెట్టొచ్చు. యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్‌లు తెప్పించుకోవడానికే టైమ్ పడుతుంది కాబట్టి వాటికి ఈ వారమే అప్లికేషన్ పెట్టండి. పాత కంపెనీలో మీ ల్యాబ్ మేనేజర్‌కి ఫోన్ చేసినప్పుడు వీసా కథంతా చెప్పనక్కర్లేదు. మళ్ళీ చేరాలనుకుంటున్నాను, ఖాళీ ఉందా అని అడగండి. మీవారు వచ్చినప్పుడు రెండు వారాలు సెలవు కావాల్సి ఉంటుందని మాత్రం చేరే ముందే మాట్లాడుకోండి.